సెట్టు వద్దు, ఆరూ ఎనిమిదీ చాలు: బరంపురం గోడల మీద కార్బైడ్ బిట్ల రివ్యూ

ముందే చెప్పీస్తున్నా, ఓపిక లేనివాళ్ళు ఈ ఒక్క పేరా చదివి వెళ్ళిపోయినా పర్లేదు. గోడకి కన్నాలు వెయ్యడానికి డ్రిల్లు మిషనుకి పెట్టే కార్బైడ్ బిట్లు కొందామనుకుంటే ఐదు బిట్ల సెట్టు, పదమూడు పీసుల డబ్బా లాంటివి కొనకండి. అదే డబ్బుతో 6 ఎంఎం ఒకటి, 8 ఎంఎం ఒకటి, పేరున్న కంపెనీవి విడిగా కొనుక్కోండి. కర్టెన్ రాడ్డయినా, అద్దమైనా, దేవుడి మందిరమైనా, ఆర్వో అయినా, టీవీ స్టాండయినా ఇంట్లో పని దాదాపు అంతా ఈ రెండు సైజుల్లోనే అయిపోతాది. సెట్లో వచ్చే 4, 5, 7 డబ్బాలోనే ఉండి తుప్పు పడతాయి, రోజూ కావల్సిన ఎనిమిది మాత్రం ముందు అరిగిపోతాది, దాని కోసం మళ్ళీ ఇంకో సెట్టు కొంటారు, అమ్మేవాడికి కావల్సిందీ అదే.

నాది ఫిట్టింగుల పని. ఒడిశా బరంపురంలో గేట్ బజార్, కోర్టుపేట, లంజిపల్లి వైపు ఎక్కువ, గోపాల్‌పూర్ నుంచి కూడా పిలుస్తారు, బంధువులున్నారు కాబట్టి పర్లాకిమిడి, ఇచ్ఛాపురం కూడా పోతుంటాను. ఆన్‌లైన్‌లో బిట్ల కింద రివ్యూలు చూస్తే నవ్వొస్తాది, "సూపర్ ప్రొడక్ట్, నైస్ ప్యాకింగ్" అని ఐదు స్టార్లు, ఏ గోడ మీద వాడారో ఏ మిషనుకి పెట్టారో ఒక్కడూ రాయడు. బిట్టుకి అసలు పరీక్ష గోడే కదా. ఇక్కడ పాత వీధుల్లో ఎర్ర ఇటిక గోడలు, కొన్ని ఇళ్ళు ఇంకా సున్నంతో కట్టినవి, కొత్తగా కడుతున్నవి చాలావరకు ఫ్లై యాష్ ఇటిక, అపార్ట్‌మెంట్లలో ఒక్కోచోట ఏఏసీ బ్లాకులు (గాలి బుడగలుండే తేలిక కాంక్రీటువి), వీటన్నిటి మధ్యలో కాంక్రీట్ పిల్లర్లు భీములు. పర్లాకిమిడి వైపు పాత ఇళ్ళలో రాతి గోడలు తగుల్తాయి. ఒకే బిట్టు వీటన్నిట్లోనూ ఒకేలా పనిచేస్తాదనుకుంటే అక్కడే దెబ్బ తింటాం.

అసలు కార్బైడ్ ఎందుకూ అంటే ఇసక వల్ల. కాంక్రీట్లో, ప్లాస్టింగులో ఉన్న ఇసక ఎక్కువగా క్వార్ట్జే, గట్టిదనం కొలిచే మోహ్స్ స్కేల్లో దాని నంబరు 7, ఇనుము కోసే మామూలు హెచ్ఎస్ఎస్ బిట్టు ఉక్కు కూడా ఇంచుమించు అక్కడక్కడే ఉంటాది. అంటే బిట్టు గోడని కొయ్యట్లేదు, గోడే బిట్టుని సాన పడతాంది. మనకి ఛత్రపూర్ దగ్గర ఐఆర్ఈఎల్ అనే కేంద్ర ప్రభుత్వ కంపెనీ వాళ్ళు సముద్రం ఇసకలోంచి ఇల్మెనైట్ ఖనిజంతో పాటు గార్నెట్ కూడా తీస్తారు కదా, ఆ గార్నెట్ ఏటికి పోతాదంటే అరగదియ్యడానికే. ఇసక ఎంత పని చేస్తాదో అర్థం చేసుకోండి. టంగ్‌స్టన్ కార్బైడ్ ఆ స్కేల్లో 9 దగ్గర ఉంటాది, అందుకే తట్టుకుంటాది. ఇది 1920ల్లో జర్మనీలో ఓస్రామ్ బల్బుల కంపెనీలో కార్ల్ ష్రోటర్ అనే ఆయన చేసింది, బల్బు ఫిలమెంటు తీగ లాగడానికి వజ్రం అచ్చులు వాడాల్సొచ్చేది, అవి ఖరీదని వాటి బదులు కార్బైడ్ పొడిని కోబాల్ట్‌తో కలిపి కాల్చి గట్టిపరిచారు. తర్వాత క్రుప్ కంపెనీ విడియా పేరుతో అమ్మింది. మన దగ్గర పాత మేస్త్రీలు ఇప్పటికీ విడియా బిట్టనే అడుగుతారు, షాపువాడు ఏ కంపెనీదైనా తీసి ఇచ్చేస్తాడు.

ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. బిట్టు మొత్తం కార్బైడ్ కాదు, కొనలో చిన్న ముక్కే కార్బైడ్, మిగతాది ఉక్కు, ఆ ముక్కని ఉక్కులో గాడి తీసి బ్రేజింగ్ చేసి, అంటే మధ్యలో వేరే లోహం కరిగించి అతికిస్తారు. కార్బైడ్ గట్టిదే కానీ పెళుసు, అతుకు గట్టిదే కానీ వేడికి పడదు. బిట్లు పాడయ్యేవి ఎక్కువగా ఈ రెండు దార్లలోనే, ముక్క పగలడం లేదంటే ముక్క ఊడి రావడం. మెల్లగా అరిగి అరిగి పోయిన బిట్టంటే దాన్ని వాడినవాడికి పని వచ్చని అర్థం.

షాపులో చూడాల్సింది చెప్తాను. బిట్టు చేతిలోకి తీసుకుని ముందు కొన చూడండి. కార్బైడ్ ముక్క సరిగ్గా మధ్యలో ఉందా, రెండు వైపులా సమానంగా బయటికి వచ్చిందా. ఒక వైపు ఎక్కువుంటే బిట్టు తిరిగేటప్పుడు ఊగుతాది, 8 వేస్తే కన్నం తొమ్మిదికి దగ్గరవుతాది, స్క్రూ పట్టడానికి కన్నంలో పెట్టే ప్లగ్గు లోపల గిర్రున తిరుగుతాది, తప్పు ప్లగ్గు మీద పడతాది. తర్వాత అతుకు చూడండి, ముక్కకీ ఉక్కుకీ మధ్య సన్నటి పసుపో తెలుపో గీత ఎక్కడా తెగకుండా కనపడాలి. చిన్న చిన్న గుంటలు, నల్లటి ఖాళీలు ఉంటే అది వదిలీండి. తర్వాత సాఫీగా ఉన్న గాజు కౌంటరు మీద దొర్లించండి, వంకరుంటే అక్కడే తెలిసిపోతాది. షాపువాడు ఏటనుకుంటాడో అని సిగ్గు పడక్కర్లేదు, నేను వెర్నియర్, అంటే సన్న కొలతలు చూసే స్కేలు, జేబులో పెట్టుకునే వెళ్తాను. కొన కొలిస్తే 8 ఎంఎం బిట్టు సరిగ్గా 8 ఉండదు, ఉండకూడదు కూడా. వీటికి ఐఎస్ఓ 5468 అని స్టాండర్డ్ ఒకటుంది, దాని ప్రకారం 8 బిట్టు కొన 8.2 నుంచి 8.45 మధ్యలో ఉండాలి, 6 ది అయితే 6.15 నుంచి 6.4. ప్లగ్గులు చేసేవాళ్ళు ఆ లెక్కకే చేస్తారు. చవక బిట్లలో 7.9 వచ్చినవీ చూశాను, దాంట్లోకి ప్లగ్గు దిగదు, సుత్తితో కొడితే ప్లగ్గు తల నలిగిపోతాది. ఇంకొక మాట, బిట్టు ఒళ్ళు కొన కంటే కాస్త సన్నగా ఉండాలి, అలా లేకపోతే పొడి బయటికి రాక లోపలే ఇరుక్కుంటాది.

కొత్తవాళ్ళు ఒకటి పొరబడతారు. హామర్, అంటే తిరుగుతూ దెబ్బ కూడా కొట్టే మిషను, దాని బిట్టు కొన మొండిగా ఉంటాది, ఇంటి పైకప్పు ఆకారంలో, వేలు పెడితే తెగదు. అది మొద్దుబారిన బిట్టు కాదు. హామర్ మీద పనిచేసే బిట్టు కొయ్యదు, దెబ్బకి నలగ్గొడతాది, తిరుగుడు ఆ నలిగింది బయటికి తోడడానికి. నిజంగా వాడిగా సాన పట్టి ఉన్న కొన కావాలంటే అది వేరే రకం, టైల్సుకీ చెక్కకీ మెత్తటి ఇటికకీ హామర్ లేకుండా వాడేది.

ఇప్పుడు వాడినవి ఒక్కొక్కటీ.

మామూలు 13 ఎంఎం చక్కు (బిట్టుని పట్టుకునే భాగం) మిషనుకి గుండ్రటి షాంకు (బిట్టు వెనక భాగం) బిట్లలో నేను ఎక్కువ వాడేది బాష్ సీవైఎల్-3. ఎర్ర ఇటికలో, ఫ్లై యాష్‌లో దీనికి తిరుగులేదు, కన్నం గుండ్రంగా వస్తాది, అంచులు పెళ్ళలు లేవవు. కాంక్రీట్లో కూడా వెళ్తాది కానీ మిషను మీద ఆధారపడి ఉంటాది, అది కింద చెప్తాను. 6 ఎంఎం వంద రూపాయలకి అటూ ఇటూగా దొరుకుతాది, ఇంట్లో ఒక్కడు వాడుకుంటే ఏళ్ళ తరబడి వస్తాది. అదే కంపెనీది సీవైఎల్-9 మల్టీ కన్‌స్ట్రక్షన్ అని ఇంకోటుంది, పైన చెప్పిన వాడి కొన రకం, టైల్ మీద మొదలుపెట్టి వెనక ఇటికలోకి అదే బిట్టుతో పోవచ్చు. బాత్రూం పనులకి నాకు ఇదే ఇష్టం. హామర్ స్విచ్చి పొరపాట్న ఆన్‌లో ఉంటే మాత్రం ఆ వాడి కొన ఎంతోసేపు నిలవదు, టైలూ నిలవదు.

రోటరీ హామర్ (ఈ మిషను సంగతి కింద చెప్తాను) ఉన్నవాళ్ళకి ఎస్‌డీఎస్ ప్లస్ బిట్లు. షాంకు 10 ఎంఎం, పొడుగు గాడులు ఉంటాయి, చక్కు తాళం అక్కర్లేదు, నొక్కి తిప్పితే పట్టుకుంటాది, బాష్ వాళ్ళు 1975లో తెచ్చిన పద్ధతి, ఇప్పుడు అన్ని కంపెనీలవీ ఒకదాని మిషనుకి ఒకటి సరిపోతాయి. ఇందులో కొనకి రెండు అంచులున్నవి చవక, నాలుగు అంచులవి ఖరీదు, దాదాపు రెట్టింపు. ఇంటి పనికి రెండు అంచులది చాలు. కాంక్రీట్లో రోజూ పనుంటే మాత్రం నాలుగు అంచులది, అంటే ఎస్‌డీఎస్ ప్లస్-5ఎక్స్ లాంటివి తీసుకోండి, ఎందుకో ఊచ, అంటే కాంక్రీట్లోని ఇనప కడ్డీ, దాని దగ్గర చెప్తాను. దీని పైన 7ఎక్స్ అని ఉంది, దాంట్లో తల మొత్తం ఒకే కార్బైడ్ ముక్క, బాగుంటాది, కాదనను, కానీ బ్రాకెట్లు బిగించుకునే మనకి ఆ డబ్బు గిట్టదు, వరసగా వందలకొద్దీ యాంకర్లు (కాంక్రీట్లో బిగుసుకునే బోల్టులు) వేసే సైట్లకి అది. మంచి ఎస్‌డీఎస్ బిట్ల మీద పీజీఎం అని చిన్న గుర్తు ఉంటాది, జర్మనీలో తయారీదార్ల సంఘం బిట్టు కొన సైజు పరీక్షించి ఇచ్చే గుర్తు, యాంకర్ బోల్టులు వేసేవాళ్ళు ఆ గుర్తు చూసి కొనండి.

ఇక పేరు లేని సెట్లు, ప్లాస్టిక్ డబ్బాలో బంగారం రంగు పూతతో మెరిసిపోతుంటాయి. ఆ రంగు కేవలం అలంకారం, గోడలో రెండు నిమిషాల్లో పోతాది, కింద ఉక్కు మెత్తది. సున్నం గోడలో, మెత్తటి ఇటికలో పర్లేదు అనిపిస్తాయి. పిల్లర్ దగ్గరికొచ్చేసరికి అతుకు వదిలీసి ముక్క కన్నంలోనే ఉండిపోతాది, దాన్ని బయటికి తియ్యడం అంత ఈజీ కాదు, కార్బైడ్ కదా, ఇంకో బిట్టు దాని మీద వేస్తే అదీ పోతాది. ఆ కన్నం వదిలీసి పక్కన వేసుకోవాల్సిందే. స్టార్లు ఇమ్మంటే వీటికి ఒకటి, అదీ డబ్బాకి.

మిషను సంగతి. బిట్టు ఎంత మంచిదైనా మిషను బట్టే. చాలా ఇళ్ళలో ఉండేది 500, 600 వాట్ల ఇంపాక్ట్ డ్రిల్లు, లోపల పళ్ళున్న రెండు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి జారుతూ టకటక కొడతాయి. నిమిషానికి నలభై వేల పైనే దెబ్బలు, కానీ ఒక్కో దెబ్బలో బలం బహు తక్కువ, మన చేత్తో నొక్కినంతే. రోటరీ హామర్లో గాలి ఒత్తిడితో పిస్టన్ కొడతాది, ఉదాహరణకి జీబీహెచ్ 2-26 అయితే 800 వాట్లు, నిమిషానికి 4 వేల దెబ్బలే కానీ ఒక్కో దెబ్బ 2.7 జౌల్స్. అందుకే ఇంపాక్ట్ డ్రిల్లుతో చెమటలు కక్కుకుంటూ వేసే భీము కన్నం దీంతో నొక్కకుండానే దిగిపోతాది. ఇంట్లో ఇటిక గోడలే అయితే ఇంపాక్ట్ డ్రిల్లు చాలు, స్లాబుకి ఫ్యాన్ హుక్కులు, ఏసీ అవుట్‌డోర్ స్టాండు పిల్లర్‌కి, గేటు కబ్జాలు (మడత బందులు) ఇలాంటివుంటే రోటరీ హామర్ అద్దెకి తెచ్చుకోండి, రోజు అద్దెకి ఇచ్చేవాళ్ళు మన బజార్లో ఉన్నారు, కొనక్కర్లేదు. ఎస్‌డీఎస్ షాంకుకి కొంచెం గ్రీజు రాసి పెట్టండి, పొడిగా పెడితే మిషను లోపలి పట్టు అరిగిపోతాది, అద్దెది కదా అని ఊరుకోవద్దు, పాపం వాడిదీ డబ్బే.

కోర్టుపేటలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు, అన్నీ స్వయంగా చేసుకునే మనిషి. ఆయన ఆన్‌లైన్‌లో సెట్టు తెప్పించుకుని నన్ను పిలిచారు. "ఏటి బాబూ ఇది, ఇందాకటి నుంచి నొక్కుతున్నాను, పొగ వస్తోంది గానీ పొడి రావట్లేదు, కొత్త బిట్టే కదా" అన్నారు. చూస్తే బిట్టు కొన నీలం రంగుకి తిరిగిపోయుంది. "మాస్టారూ, మిషను ఉల్టా తిరుగుతోందండీ, ఈ మీట ఇటు వెయ్యాలి" అన్నాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని మీట వైపు కాసేపు చూసి, "మరి దీని మీద బాణం గుర్తు ఇంత చిన్నగా వేస్తే ఎలాగయ్యా, నేను పరీక్ష పేపర్లే భూతద్దం పెట్టి దిద్దాను" అన్నారు. ఆ బిట్టు మళ్ళీ పనికి రాలేదు, వేడికి అతుకు వదులైపోయింది. చెప్పొచ్చేదేంటంటే బిట్టు లోపలికి దిగకపోతే ఇంకా గట్టిగా నొక్కడం కాదు, ఆపి చూడండి. మీట ఎటుంది, హామర్ స్విచ్చి పడిందా, ఎదురుగా ఉన్నది ఇటికేనా ఊచా. ఈ మూడూ చూస్తే చాలా బిట్లు బతుకుతాయి.

వేడి గురించి ఇంకో రెండు మాటలు. కన్నం వేస్తున్నప్పుడు మధ్యమధ్యలో బిట్టు తిరుగుతుండగానే వెనక్కి లాగి పొడి బయటికి రానివ్వాలి. పొడి లోపల పేరుకుంటే రాపిడి పెరిగి కొన ఎర్రబడతాది. అలా వేడెక్కిన బిట్టుని కొందరు బకెట్లో ముంచుతారు, చుయ్ మని శబ్దం వస్తే అదో తృప్తి, కానీ కార్బైడ్‌కి అలా ఒక్కసారిగా చల్లబడటం పడదు, కంటికి కనపడని పగుళ్ళు వస్తాయి, తర్వాత కన్నంలో ముక్క చెక్కలు ఊడిపోతాది. పక్కన పెట్టండి, అదే చల్లారుతాది, ఈలోగా టీ తాగండి. సైజు పెరిగే కొద్దీ స్పీడు తగ్గించాలి, 12 బిట్టుని 6 బిట్టు స్పీడులో తిప్పకూడదు, ట్రిగ్గర్ మీద వేలు తేలిగ్గా ఉంచితే చాలు.

ఊచ తగిలితే ఎలా తెలుస్తాది అని తమ్ముళ్ళు అడుగుతుంటారు. బిట్టు హాయిగా పోతూ పోతూ ఒక్కసారి ఆగిపోతాది, శబ్దం మారి ఖంగుమంటాది, బయటికి వచ్చే పొడి బూడిద రంగు పోయి మెరిసే ఇనప రజను కనపడతాది. రెండు అంచుల బిట్టు ఊచ అంచున ఇరుక్కుని మిషను చెయ్యి మెలితిప్పేస్తాది, ముక్క విరిగేది ఆ క్షణంలోనే. నాలుగు అంచులది అలా ఇరుక్కోదు, ఊచ మీద జారుతాది, అందుకే దానికి ఆ ధర. కానీ ఏదైనా సరే, కార్బైడ్ హామర్ బిట్టు ఇనుము కోసేది కాదు. ఒక అంగుళం పక్కకి జరిగి కొత్త కన్నం వెయ్యండి. భీములో పిల్లర్లో ఊచ కొయ్యడమే తప్పు, ఇల్లు నిలబడేది దాని మీదే. కాంక్రీటు కట్టడాలకి మన దేశపు స్టాండర్డ్ ఐఎస్ 456 ప్రకారం స్లాబులో ఊచకి పైన కనీసం 20 ఎంఎం కాంక్రీటు, పిల్లర్లో 40 ఎంఎం ఉంచాలి, పైన ప్లాస్టింగు వేరే. కాబట్టి పిల్లర్ మీద చిన్న పని అయితే లోతు చూసుకుని వేస్తే ఊచ జోలికే పోనక్కర్లేదు. కట్టినవాడు ఆ కొలత ఉంచాడా లేదా అన్నది వేరే విషయం, మన కాంట్రాక్టర్ల సంగతి మనకి తెలిసిందే.

లోతు ఎంత అంటే ప్లగ్గు పొడుగుకి ప్లాస్టింగు మందమూ, ఇంకో 10 ఎంఎం కలుపుకోండి. బిట్టుకి ఇన్సులేషన్ టేపు చుట్టి గుర్తు పెట్టుకుంటే సరి, టేపు గోడకి తగలగానే ఆపీయాలి. ప్లాస్టింగు లోపలి గోడలకి 12 నుంచి 15 ఎంఎం మందం ఉంటాది, అది బరువు మొయ్యదు, ప్లగ్గు దాన్ని దాటి ఇటికలోకి పూర్తిగా పోవాలి. గీజరు కింద పడిందంటే చాలాసార్లు ప్లగ్గు సగం ప్లాస్టింగులోనే ఉండి ఉంటాది. కన్నం వేశాక లోపలి పొడి ఊదీయండి, సైకిలు పంపు మంచి పనిముట్టు దీనికి, నోటితో ఊదితే కళ్ళల్లో పడతాది. ఫ్లై యాష్ ఇటికలో హామర్ వెయ్యకుండా మొదలుపెట్టండి, అంచుల దగ్గర పెళుసుగా ఊడుతాది. ఏఏసీ బ్లాకుకి అసలు హామరే వద్దు, మామూలు తిరుగుడు చాలు, దానికి ప్లగ్గులూ వేరే రకం, పొడుగు నైలాన్‌వి. సున్నం గోడల్లో కన్నం సుళువుగా పడతాది గానీ ఇటిక ఎక్కడుందో సందు ఎక్కడుందో బయటికి తెలీదు, వచ్చే పొడి రంగు చూస్తూ వెళ్ళాలి, ఎర్ర పొడి వస్తే ఇటిక, తెల్లగా పిండిలా వస్తే సందు. సందులో వేసిన ప్లగ్గు ఇవాళ పట్టుకుంటాది, వానాకాలం తర్వాత ఊడుతాది.

పర్లాకిమిడి రాతి గోడలకి ఇంపాక్ట్ డ్రిల్లు తీసుకెళ్ళడం దండగ. రోటరీ హామర్, నాలుగు అంచుల బిట్టు, ముందు 6 తో దారి చేసి తర్వాత 8 లేదా 10, అలాగైతేనే.

టైల్సు ముచ్చట. మామూలు సిరామిక్ గోడ టైలుకి బల్లెం ఆకారంలో ఉండే కార్బైడ్ బిట్టు చాలు, ఇంటూ ఆకారంలో మాస్కింగ్ టేపు అంటించి, హామర్ ఆపీసి, మెల్లగా. విట్రిఫైడ్ టైలు, గ్రానైట్ పలక మాత్రం కార్బైడ్ పని కాదు, విట్రిఫైడ్ దాదాపు నీళ్ళే పీల్చదు, అంత గట్టిగా కాల్చి ఉంటాది, బిట్టు మొద్దుబారి జారుతూ టైలుని వేడెక్కిస్తాది. దానికి డైమండ్ కోర్ బిట్టు, నీళ్ళు చిలకరించుకుంటూ. టైలు దాటాక మళ్ళీ కార్బైడ్‌కి మారండి. ఈ మార్చుకోవడం బద్ధకమై టైల్సు పగలగొట్టేవాళ్ళు చాలామంది, ఆ టైలు డిజైను మళ్ళీ షాపులో దొరకదు, ఆ ఇంటావిడ రోజూ స్నానానికి వెళ్ళినప్పుడల్లా తిట్టుకుంటాది.

గోపాల్‌పూర్ వైపు, సముద్రం దగ్గరున్నవాళ్ళకి ఒక మాట. 2013 అక్టోబర్లో ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే, 2018లో తిత్లీ పలాస దగ్గర దాటి మన గజపతి జిల్లాని పిండీసింది. అప్పట్నుంచి షెడ్లకీ మేడ మీద షీట్లకీ గట్టి ఫాస్టనర్లు అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, మంచిదే. కానీ బోల్టు సైజు చూసి కన్నం వెయ్యకండి, ఫాస్టనర్ డబ్బా మీద కన్నం సైజు రాసి ఉంటాది. స్లీవ్ యాంకర్ అయితే 8 బోల్టుకి 10 కన్నం, 10 బోల్టుకి 12. ఇక్కడే మొదట చెప్పిన కొన సైజు ముఖ్యం, కన్నం వదులైతే గాలికి ఆగేది బోల్టు కాదు, మన అదృష్టం. ఉప్పు గాలికి బిట్లు కూడా తుప్పు పడతాయి, కార్బైడ్‌కి ఏమీ కాదు గానీ ఉక్కు గాడిలో తుప్పు గరుకై పొడి జారదు, పని అయ్యాక నూనె గుడ్డతో తుడిచి పెట్టుకోండి.

దుమ్ము దగ్గర మనవాళ్ళకి చాలా నిర్లక్ష్యం. కాంక్రీట్ పొడిలో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు, సిలికోసిస్ అని దానికి మందు లేదు. తువ్వాలు ముక్కుకి కట్టుకుంటే ఆ సన్న పొడి ఆగదు, ఎన్95 మాస్కే. పైకప్పుకి కన్నం వేస్తే పాత రబ్బరు బంతిని సగానికి కోసి బిట్టుకి గుచ్చండి, పొడి దాంట్లో పడతాది, కళ్ళద్దాలు మాత్రం తప్పనిసరి.

సాన పట్టించొచ్చా అని అడుగుతారు. పట్టించొచ్చు గానీ బజార్లో కత్తులు సాన పట్టే బూడిద రంగు రాయి కార్బైడ్‌ని ఏమీ చెయ్యలేదు, పక్కన ఉక్కు అరిగిపోయి ముక్క ఇంకా వదులవుతాది. పచ్చ రాయి, అంటే సిలికాన్ కార్బైడ్ చక్రం ఉండాలి, లేదంటే డైమండ్ చక్రం, అది లేత్ షాపుల్లో ఉంటాది. కొన కోణం 130 డిగ్రీల దగ్గర, రెండు అంచులూ సమానంగా. 12 పైన పెద్ద బిట్లకైతే ఖర్చు గిడుతాది, 6 కీ 8 కీ కొత్తది కొనుక్కోవడమే నయం.

ఎక్కడ కొన్నానంటే గేట్ బజార్ వైపు ఒక పాత హార్డ్‌వేర్ షాపులో, పేరు ఎందుకులెండి, ఆయనకి ఇప్పటికే రష్ ఎక్కువ. ఒడియా ఆయన, తెలుగు మనకంటే స్పష్టంగా మాట్లాడతాడు. బిట్టు అడిగితే ముందు "భాయినా (అన్నా), గోడ ఏటిది?" అని అడుగుతాడు, ఆ ప్రశ్న అడిగే షాపు దొరికితే వదలకండి. వెర్నియర్ పెట్టి కొలుస్తానన్నా మొహం మాడ్చుకోడు, ఒకసారి నేను పక్కన పెట్టీసిన బిట్టు ఆయనే తీసి చూసి కంపెనీకి వాపసు పంపడానికి పక్క డబ్బాలో వేసాడు. ఆన్‌లైన్‌లో రేటు ఇరవై ముప్ఫై తక్కువ ఉండొచ్చు కానీ పేరున్న కంపెనీల నకిలీలు అక్కడే ఎక్కువ, కొన చూడకుండా కొనాల్సొస్తాది. ఆయన దగ్గర 6, 8, 10 గుండ్రటి షాంకువీ ఎస్‌డీఎస్‌వీ ఎప్పుడూ ఉంటాయి. నాలుగు అంచుల 12 మాత్రం స్టాక్ పెట్టడు, ముందు రోజు చెప్తే తెప్పిస్తాడు. మధ్యాహ్నం భోజనాల టైములో షాపు మూసీస్తాడు, అది చూసుకుని వెళ్ళండి.